‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవల: నాయకత్వ సంఘర్షణలో నేడు, రేపు

విలియం గోల్డింగ్ 1954లో వెలువరించిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవలలోని రాల్ఫ్, జాక్‌ల వైరాన్ని నాగరికతకూ ఆటవికతకూ మధ్య పోరుగా వ్యాఖ్యానించడం పరిపాటి. అయితే ఆ వైరం ప్రాధాన్యాల భేదంతో మొదలవుతుంది. నిర్జన ద్వీపంలో చిక్కుకున్న బాలురకు రక్షణా కావాలి, ఆహారమూ కావాలి. ఓడల కంటపడేలా కొండపై పొగ నిలపడం రాల్ఫ్ పట్టుదల; పందుల వేట జాక్ పట్టుదల. పొగ ఫలం రేపటిది, అనిశ్చితం. మాంసం నేటిది, ప్రత్యక్షం.

నాలుగవ అధ్యాయంలో ఈ భేదం బాహాటమవుతుంది. నిప్పు కాయవలసినవారిని జాక్ వేటకు తీసుకుపోయిన వేళనే ఓడ ఒకటి దూరంగా సాగిపోతుంది. రాల్ఫ్ ఆగ్రహం న్యాయమైనదే. కాని మాంసాన్ని నిరాకరించదలచిన అతడే చివరికి దానిని అందుకుంటాడు. వాదంలో నెగ్గినవాడు ఆకలికి లొంగిన ఘట్టమిది. తరువాత పలువురు బాలురు జాక్ పక్షం చేరడానికి భయంతోపాటు ఈ ఆకలీ కారణమే.

ముగింపులో రాల్ఫ్‌ను వేటాడేందుకు జాక్ బృందం రగిల్చిన కార్చిచ్చు పొగే నౌకను రప్పిస్తుంది. ఆ మంట పండ్లచెట్లను సమీపిస్తున్నప్పుడు, రేపు వీరు ఏమి తింటారన్న చింత ప్రాణభయంతో పరుగెడుతున్న రాల్ఫ్‌కే కలుగుతుంది. ఆహారం పేరిట నాయకుడైన జాక్ ఆహారాన్నే అగ్నికి ఒప్పగించాడు. కనుక ఈ సంఘర్షణ నిప్పుకూ మాంసానికీ మధ్యది కాదు. రేపటిని లెక్కించే నాయకత్వానికీ, నేటితో తృప్తిపరచే నాయకత్వానికీ మధ్యది.