వెలుగు కావలెనా, దూరము కావలెనా?

2012లో వెలువడిన సోనీ ఆర్.ఎక్స్.100, కానన్ పవర్‌షాట్ ఎస్.ఎక్స్.260 హెచ్.ఎస్. అను రెండు డిజిటల్ కెమేరాలును జేబులో ఇమిడిపోవును. బ్యాటరీతో సహా సోనీ బరువు 240 గ్రాములు, కానన్ 231 గ్రాములు. అయినను వాటి పనితనము వేరు వేరు.

ప్రతిబింబమును గ్రహించు ఫలకపు వైశాల్యము సోనీలో సుమారు 116 చదరపు మిల్లీమీటర్లు. కానన్‌లో 28 మాత్రమే. విశాల దృశ్యమునకు అమర్చినపుడు సోనీ కటకపు ఎఫ్-సంఖ్య 1.8, కానన్‌ది 3.5. ఈ సంఖ్య తగ్గినకొలది వెలుగు హెచ్చును. సంఖ్యల వర్గములను పోల్చినచో, ప్రతి చదరపు మిల్లీమీటరుపై పడు వెలుగు సోనీలో దాదాపు నాలుగు రెట్లు. వైశాల్యమును నాలుగు రెట్లే గనుక మొత్తము వెలుగు సుమారు 15 రెట్లగును. రాత్రివేళ బడిలో జరుగు నాటకమును ముందువరుస నుండి తీయుటకు ఇదే తగినది.

ఇక చెరువు ఆవలి గట్టుననున్న కొంగ మాట. సోనీ జూమ్ 3.6 రెట్లు, కానన్ జూమ్ 20 రెట్లు. 35 మి.మీ. ఫిల్ము లెక్కలో సోనీ 100 మి.మీ. వద్దనే ఆగిపోవును, కానన్ 500 వరకు పోవును. సోనీ చిత్రములో కొంగ ఉన్నంతమేర కత్తిరించినచో 20 మెగాపిక్సెళ్లలో సుమారు 25వ వంతే, అనగా ఒక మెగాపిక్సెలు కూడ మిగలదు. అయితే అంత దూరమునకు కానన్ ఎఫ్-సంఖ్య 6.8కి పెరుగును, మంచి ఎండ లేనిదే బొమ్మ స్పష్టముగా రాదు.

కావున మెగాపిక్సెళ్లను మాత్రమే చూచి కెమేరాను ఎన్నుకొనుట పొరపాటు. తీయదలచిన వస్తువు ఎంత దూరమున, ఎంత వెలుగులో ఉండునో ముందు యోచింపవలెను.