అబద్ధమాడ నేర్చిన బొమ్మ

పినోకియో కథను పసిపిల్లల నీతికథగా ఎంచడం లోకరూఢి. కార్లో కొలోడి అన్న కలంపేరుతో ఇటలీ రచయిత కార్లో లోరెంజీని 1881లో ఒక పిల్లల పత్రికలో ధారావాహికగా ఆరంభించిన మూలకథ అంత సాత్త్వికమైనది కాదు. హితవు చెప్పబోయిన కీచురాయిని కొయ్యబొమ్మ సుత్తి విసిరి చంపుతుంది. పదిహేనవ అధ్యాయంలో దొంగలు బొమ్మను చెట్టుకు ఉరితీయడంతో కథ మొదట ముగిసింది కూడా. పాఠకుల కోరికపై రచయిత దానిని పొడిగించగా 1883లో గ్రంథంగా వెలువడింది. ఆ కథలోని చీకటిని ఆధారం చేసుకొని దక్షిణ కొరియాకు చెందిన నియోవిజ్ సంస్థ, తన రౌండ్ 8 స్టూడియోలో, చోయ్ జీ-వన్ దర్శకత్వాన రూపొందించి 2023 సెప్టెంబరులో విడుదల చేసిన వీడియో గేమ్ 'లైస్ ఆఫ్ పి'.

కథాస్థలం క్రాట్ అనే కల్పిత నగరం. పంతొమ్మిదవ శతాబ్దపు చివరినాటి ఐరోపా వైభవం, ఆవిరి, పళ్లచక్రాలు, గ్యాసుదీపాలు కలగలసిన ఈ రీతిని స్టీమ్‌పంక్ అంటారు. ఆ నగరంలో ఇంటిచాకిరీ మొదలు వీధికాపలా వరకు అన్ని పనులూ మరబొమ్మలవే. సృష్టికర్త ఆజ్ఞ మీరరాదు, మనుషులకు హాని చేయరాదు, అబద్ధమాడరాదు అన్నవి వాటికి విధించిన శాసనాలలో ముఖ్యమైనవి. ఒకనాడు ఆ బొమ్మలే మనుషులపై తిరగబడతాయి. జెప్పెట్టో చేసిన బొమ్మ ఒకటి రైలుపెట్టెలో మేలుకొంటుంది. ఆ ఒక్కదానికే అబద్ధమాడే శక్తి ఉంది.

పోరాటం కఠినమైనది, ఈ కృతి పేరుప్రతిష్ఠలకు సగం కారణం అదే. ప్రత్యర్థి దెబ్బను ఊరకే అడ్డుకుంటే ప్రాణబలం కొంత కోల్పోవలసి వస్తుంది. అయితే వెంటనే ఎదురుదాడి చేస్తే పోయినది కొంత తిరిగి వస్తుంది. దెబ్బ తగిలే క్షణంలోనే అడ్డుకోగలిగితే నష్టమే ఉండదు; పైగా ప్రత్యర్థి తడబాటుకు చేరువవుతాడు, ఒక్కొక్కప్పుడు అతని ఆయుధమే విరుగుతుంది. ఎర్రగా మెరిసే ఉగ్రప్రహారాన్ని సాధారణమైన అడ్డు ఆపలేదు. పక్కకు దూకి తప్పుకోవడమే చాలునని నమ్మిన ఆటగాడిని ఈ క్రీడ మాటిమాటికీ శిక్షిస్తుంది. నిలబడి, చూచి, చివరి క్షణం వరకు చేయి ఆపుకోవాలి. మృదంగ విద్వాంసుని ఎదుట కూర్చున్న శిష్యునికి కాలప్రమాణం ఎట్లా పట్టుబడుతుందో ఇదీ అట్లే పట్టుబడుతుంది. పుస్తకం చదివితే రాదు. కత్తిపిడిని, అలుగును విడదీసి వేర్వేరుగా కూర్చుకొనే వీలు కల్పించడం ఇందులోని సొగసైన ఊహ. బరువైన రంపపు అలుగుకు తేలికపాటి పిడి తగిలిస్తే ఆయుధం తీరే మారిపోతుంది.

ఈ నిర్మాణమంతా స్వతంత్రం కాదు. జపాను సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2011లో 'డార్క్ సోల్స్'తోను, 2015లో 'బ్లడ్‌బోర్న్'తోను వేసిన బాటలోనే కొరియా శిల్పులు నడిచారు. అనుకరణ దోషం కాదు; మన కావ్యపరంపరలోనూ కథ ఎరువే, కూర్పు సొంతం. ఇక్కడ మాత్రం కూర్పు కూడా పలుచోట్ల ఎరువే.

సొంతమైనది అబద్ధం. వ్యాధిగ్రస్తురాలైన ఒక స్త్రీ కిటికీ వెనుక నుండి తన పసిబిడ్డను వెదకి తెమ్మని వేడుకుంటుంది. దొరికేది విరిగిన బొమ్మ. తెచ్చి ఇస్తే, బిడ్డ ముద్దుగా ఉందా అని ఆమె అడుగుతుంది. నిజం చెప్పాలా, ముద్దుగా ఉందనాలా? ముద్దుగా ఉందంటే ఆ తల్లి సంతోషించి ఒక గ్రామఫోను రికార్డు బహూకరిస్తుంది. బొమ్మ లోపలి స్ప్రింగులేవో చలించినట్లు తెరపై సూచన కనబడుతుంది. హరిశ్చంద్రుని కథ వింటూ పెరిగిన పాఠకునికి ఇది తొలుత ఇబ్బందే. కాని భాగవతంలో శుక్రాచార్యుడు బలికి బొంకదగిన సందర్భాలను ఏకరువు పెట్టిన ఘట్టమూ అతనికి తెలియనిది కాదు. బలి ఆ మాట వినలేదు. ఈ బొమ్మ వింటుంది, వినడం వల్లనే మనిషితనానికి చేరువవుతుంది.

చిక్కు తరువాత వస్తుంది. అబద్ధమాడిన ప్రతిసారీ మానుష్యం పెరుగుతుందని కనిపెట్టిన ఆటగాడు ఎదుటివారి దుఃఖాన్ని చూడడం మాని లెక్క చూడడం మొదలుపెడతాడు. దయతో ఆడిన బొంకుకు, లాభానికి ఆడిన బొంకుకు యంత్రం భేదం పాటించదు. కత్తిపోరులో క్షణంలో వందోవంతును సైతం లెక్కించిన రచయితలు మాట దగ్గర ఇంత ఉదారులు కావడం లోపమే. తిరగబడిన చాకిరీబొమ్మల మొర వినే అవకాశమూ స్వల్పం. వాటిని వరుసగా నరికివేయడమే ఆటగాని పని. వాటిని నడిపే 'ఎర్గో' చనిపోయిన మనుషుల ప్రాణసారమేనని తెలిసిన తరువాత కూడా ఆ నరుకుడు ఆగదు.

2025లో వెలువడిన 'ఓవర్చర్' అనే పూర్వకథతో పాటు సులభతరమైన స్థాయిలను చేర్చారు. ఆట పలచబడిందని కొందరు నొచ్చుకున్నారు. ఆ బాధ పూర్తిగా అకారణం కాదు గాని, గడప దాటలేక వెనుదిరిగిన వారికి ముగింపు చూచే వీలు ఇప్పుడు కలిగింది. చివర జెప్పెట్టో బొమ్మ హృదయాన్ని ఇమ్మంటాడు. తన పోయిన కొడుకును బ్రతికించుకోవడానికే ఇంతకాలం బొమ్మను నడిపించాడు. ఇస్తే బొమ్మ కథ అక్కడితో ముగుస్తుంది. నిరాకరిస్తే మరొక బొమ్మతో ఘోరమైన పోరు. దానిలో తండ్రి అడ్డుపడి ప్రాణం విడుస్తాడు. అంతవరకు అబద్ధాలాడుతూ వచ్చిన బొమ్మ అయితే అప్పుడు దాని కంట నీరు ఒలుకుతుంది.