చెమట పట్టనివ్వకు

మిల్ లాక్స్ సరస్సు మీదికి మొదటిసారి వెళ్ళిన రోజున నేను చేసిన తప్పు, చలికి భయపడి ఇంటి దగ్గరే అన్నీ తొడుక్కోవడం. రెండు బనీన్లు, స్వెట్టరు, దానిమీద మా బావమరిది ఇచ్చిన దుప్పటంత కోటు. ఉష్ణోగ్రత మైనస్ 22 డిగ్రీలు. గడ్డకట్టిన సరస్సు మీద కొంతదూరం నడిచాక, మమ్మల్ని తీసుకొచ్చిన పక్కింటి పెద్దాయన చేతితో తిప్పే బరమా ఒకటి నా చేతికిచ్చి, కన్నాలు వెయ్యమన్నాడు. అడుగు మందం దాటిన మంచు. మూడో కన్నానికి వచ్చేసరికి వీపంతా చెమట. భలే వెచ్చగా ఉందే అనుకుంటూ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గాలం వదిలాను. పది నిమిషాలు తిరక్కుండానే, తడిపి పిండని తువ్వాలు ఎవరో నా వీపుకి చుట్టినట్టయింది. పళ్ళు టకటక కొట్టుకోవడం మొదలైంది.

"తవ్వేటప్పుడు కోటు విప్పాలి, కూర్చునేటప్పుడు వేసుకోవాలి. నువ్వు తొడుక్కొని తవ్వావు" అన్నాడాయన. మంచు మీద చేపలు పట్టేవాళ్ళ విద్యలో సగం ఆ మాటలోనే ఉందని తెలియడానికి నాకు ఇంకో రెండు చలికాలాలు పట్టింది.

అమెరికా ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రంలో మిల్ లాక్స్ 500 చదరపు కిలోమీటర్లు దాటిన సరస్సు. మంచు బాగా గట్టిపడేసరికి దానిమీద గుడిసెలు, పికప్ ట్రక్కులు, చేపల రేవు తీరున ఓ చిన్న ఊరే వెలుస్తుంది. అడుగున వాలై చేపలు మామూలుగానే తిరుగుతుంటాయి. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువెక్కి అడుక్కి దిగుతుంది, గడ్డకట్టింది పైన తేలుతుంది. అంటే ఆ చోట అందరికన్నా వెచ్చగా ఉండేది చేపే. దాన్ని పట్టబోయేవాడికే వచ్చింది చావు.

బట్టలు వేడినివ్వవు. ఉన్న వేడిని పోనివ్వవు, అంతే. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లో ఇంచుమించు 100 వాట్ల పాత బల్బు పాటి వేడి పుడుతుంది. మంచుకి కన్నం వేస్తుంటే దానికి నాలుగైదు రెట్లు. కట్టెలు కొట్టేవాడికి ఈ గొడవ లేదు, పొద్దస్తమానం కదులుతూనే ఉంటాడు. మంచు మీది గాలంవాడు మాత్రం ఒక గంట కూలివాడు, ఆ తర్వాత నాలుగు గంటలు ముని. ఈ రెంటికీ ఒకే జత బట్టలు సరిపోవాలి. అందుకే పొరలు: ఒంటిని ఆనుకుని చెమటను బయటికి పంపేది, మధ్యలో గాలిని పట్టి ఉంచేది, పైన ఈదురుగాలిని ఆపేది. తెలిసిన గాలంవాళ్ళు సరస్సు మీదికి నడిచేటప్పుడు కొంచెం వణుకుతూనే నడుస్తారు, కోటు స్లెడ్జి మీద పడేసి. చూసేవాడికి మొండితనంలా కనిపిస్తుంది. అది లెక్క.

అక్కడ నూలుబట్టకు ఉన్నంత చెడ్డపేరు దొంగలకి కూడా ఉండదు. మన ఎండలకు దేవుడిచ్చిన బట్ట అది: చెమటను పీల్చి తడిగా పట్టుకుని ఒంటిని చల్లబరుస్తుంది. ఆ గుణమే అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఉన్ని అలా కాదు. తన బరువులో మూడో వంతు తేమ తాగినా తడిసినట్టు అనిపించదు, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. ఇది విన్నప్పుడు నాకు గొంగడి గుర్తొచ్చింది. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన నల్ల గొంగడి. తెలంగాణలో కురుమలు ముసురులో దాన్ని తలమీదుగా కొప్పెర వేసుకుని, జోరువానలో మంద వెంట నిలబడతారు. పైన నీళ్ళు కారుతుంటాయి, లోపల మనిషి వెచ్చగానే ఉంటాడు. మెత్తగా లేదని మనం వదిలేసిన ఆ బట్ట గురించి మిన్నెసోటా ముసలాయనకు చెబితే, ఒకటి తెచ్చిపెట్టమన్నాడు. ఇంకా బాకీ ఉన్నాను.

పాదాలది వేరే కథ. గాలికంటే మంచుగడ్డే పాదాల వేడిని ఎక్కువ లాగేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు పాత తివాచీ ముక్కో, నురగ చాపో కాళ్ళకింద పరుచుకుంటారు. పైసా ఖర్చు లేని ఈ ఉపాయం, ఖరీదైన బూట్లకన్నా ఎక్కువ పనిచేయడం నేను చూశాను. ఇంకో సంగతి. చలి అని రెండు జతల మేజోళ్ళు వేసి బూటులో పాదాన్ని కుక్కితే, ఒక్క జతతో ఉన్నదానికన్నా తొందరగా మొద్దుబారుతుంది. బిగుతులో నెత్తురు ఆడదు, గాలి పొర నలిగిపోతుంది. బూటులో వేళ్ళు ఆడించుకునే చోటుండాలి. సరస్సు చేరాక పొడి మేజోళ్ళు మార్చుకునేవాళ్ళూ ఉన్నారు, నడకలో పట్టిన చెమట లెక్కకు రాకుండా.

చేతులకు వచ్చేసరికి సమస్య చేపతోనే. ఎర గుచ్చాలి, ముడి వెయ్యాలి, గాలం నుంచి చేపను విప్పాలి. తొడుగుతో కాదు, తొడుగు లేకుండా కుదరదు. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి తడిచేత్తో మంచి తొడుగు తొడుక్కోవడం మహాపాపం. నడుముకి ఒక తువ్వాలు, తడి పనికి వేరే చేతితొడుగు, ఆరబెట్టిన చేతికి నాలుగు వేళ్ళూ ఒకే గదిలో కాపురం ఉండే మిటెన్. 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ వైద్యుడు వేళ్ళను మంచునీళ్ళలో ఉంచి ఒక వింత గమనించాడు. మొదట రక్తనాళాలు ముడుచుకుంటాయి, కొన్ని నిమిషాలకు తమంతట తామే తెరుచుకుని వేళ్ళను వెచ్చబెడతాయి, మళ్ళీ ముడుచుకుంటాయి. చల్లటి నీళ్ళలో ఏళ్ళ తరబడి పనిచేసిన చేపలవాళ్ళలో ఈ గుణం బలంగా ఉంటుందట. ఆ పెద్దాయన ఒట్టి చేత్తో చేపను విప్పుతుంటే చూసి నమ్మాను. నా వేళ్ళు మాత్రం కొంకర్లు పోయి, అరుస్తే కూడా కదల్లేదు.

మిల్ లాక్స్‌ను ఒజిబ్వే జాతివాళ్ళు మిసి జాగాయిగన్ అంటారు, పెద్ద సరస్సు అని. చలికాలపు చేపల వేట వాళ్ళ తాతలనాటి బతుకు. కన్నం పక్కన బోర్లా పడుకుని, తలమీదుగా చర్మమో కంబళో కప్పి చీకటి చేసుకునేవారు. పైన వెలుతురు పోగానే కిందనున్న నీళ్ళు దీపం పెట్టినట్టు కనిపిస్తాయి. చెక్కతో చెక్కిన బొమ్మచేపను దారానికి కట్టి ఆడిస్తే, దానికోసం వచ్చిన పెద్దచేప ఈటెకు చిక్కుతుంది. ఆ కప్పు చూపు కోసం వేసుకున్నదే, కానీ గాలినీ ఆపేది. ఈనాటి చీకటిగుడిసెలు దాని వారసులే. 1837 ఒప్పందం ఇచ్చిన వేట, చేపల హక్కులు ఒజిబ్వేలకు ఇంకా ఉన్నాయని అమెరికా సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెప్పాల్సి వచ్చింది.

గుడిసెలో ఇప్పుడు గ్యాసు పొయ్యి ఉంటుంది. నాకు అదంటేనే భయం. చలికి తలుపు సందులన్నీ మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన లేదు. మనవైపు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారి లేవని కుటుంబాల వార్త ఇదే. మిన్నెసోటాలో తెలిసినవాళ్ళు ఓ కిటికీ కాస్త తెరిచే ఉంచుతారు, అలారం తగిలిస్తారు. మందుసీసా వ్యవహారం కూడా ఇలాంటిదే. రెండు గుక్కలు పడగానే చర్మం వెచ్చబడుతుంది, ఎందుకంటే లోపలి వేడి బయటికి పోతోంది.

ఇంకా ఉత్తరాన ఇన్యూట్‌లకు ఈ గ్యాసులేవీ లేని రోజుల్లోనూ మంచు కన్నాల దగ్గర గంటలు గడిచేవి. వాళ్ళ రహస్యం కారిబూ దుప్పి తోలు. దాని వెంట్రుక లోపల బోలు, ఒక్కో వెంట్రుకా గాలి నింపిన గొట్టం. వాళ్ళవి రెండు పొరలు: లోపలిది బొచ్చు ఒంటివైపు, బయటిది బొచ్చు ఆకాశంవైపు. మెడ దగ్గర వదులు చేస్తే వేడి పైకి పోతుంది, కనుక చెమట పట్టబోతే అక్కడ సడలించేవారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంటి గుమ్మం దగ్గరి అలవాటు: లోపలికి వచ్చేముందు కర్రతో కొట్టి బట్టల మీది మంచుపొడిని దులిపేవారు. దులపకపోతే లోపలి వేడికి అది కరిగి తోలులో ఇంకుతుంది. చలిలో ఉన్నంతసేపూ పొడిగానే ఉన్న కోటు ఇంట్లోకి వచ్చి తడుస్తుందన్న మాట.

గాలి సంగతి ఒక్క లెక్కతో చెప్పేస్తాను. మైనస్ 18 డిగ్రీల్లో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 28 లాగా తగులుతుంది. తెరిచి ఉన్న చర్మం అరగంటలో గడ్డకట్టగలదు. అలా తెల్లబడ్డ చెవిని రుద్దకూడదు. మంచు మందం గురించీ ఒక మాట: నడవడానికి నిక్కమైన గట్టి మంచు కనీసం 4 అంగుళాలుండాలని అక్కడి ప్రభుత్వ శాఖ చెబుతుంది. పెద్దాయన మెడలో ఎప్పుడూ రెండు మేకుల పిడులు వేలాడుతుంటాయి, పడితే మంచును గుచ్చి పైకి పాకడానికి. నేను దండ అనుకున్నాను మొదట.

మూడో చలికాలం నాకు గుర్తుంది. జీన్సు లేదు, నూలు బనీను లేదు. కోటు స్లెడ్జి మీద పడేసి, చలికి గొణుక్కుంటూ కిలోమీటరు నడిచాను. కన్నాలు నేనే వేశాను, రెండో దానికి టోపీ తీసేశాను, మూడోదానికి బరమా ఆపి కాసేపు నిలబడ్డాను. పొద్దు వాలుతుండగా సరస్సు లోపలెక్కడో మంచు ఉరిమింది. బావమరిది వచ్చి, ఆడుకుని వచ్చిన పిల్లాడి మెడ తడిమినట్టు, నా కాలరు వెనక చెయ్యి దూర్చి చూశాడు.

"పొడిగానే ఉంది బావా. ఇక కోటేసుకో."