అరువు పాత్రలు, సొంత గొంతు

రెయిన్‌బో రోవెల్ ఆంగ్ల నవల ‘ఫ్యాన్‌గర్ల్’ 2013లో వెలువడింది. కథానాయిక క్యాథ్ అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థిని. సైమన్ స్నో అనే మాంత్రిక బాలుడి నవలలంటే ఆమెకు ప్రాణం. (అవీ రోవెల్ కల్పనే.) ఆ పాత్రలతోనే ఆమె కొత్త కథలు అల్లుతుంది, వేలాదిమంది చదువుతారు.

అలాంటి కథనొకదాన్ని తరగతిలో ఇస్తే అధ్యాపకురాలు చౌర్యమంటుంది. నవలకు ఆయువుపట్టు ఈ ఘట్టమే. మేము ఆ మాట ఒప్పుకోం. దొంగ మూలాన్ని దాస్తాడు, క్యాథ్ చాటుతుంది. తంజావూరులో రఘునాథ నాయకుని కొలువులో చేమకూర వెంకటకవి భారతంలోని అర్జునుని తీర్థయాత్రను తీసుకొనే ‘విజయవిలాసం’ రచించాడు. భారతం అందరి సొత్తు, సైమన్ స్నోకు రచయిత్రి ఉంది కదా అనవచ్చు. నిజమే. ఆ తేడా అమ్మకం దగ్గర లెక్కకు వస్తుంది, సాధన దగ్గర కాదు.

అయితే అధ్యాపకురాలి పట్టుదలలో ఒక సత్యముంది. చిన్ననాడే తల్లి విడిచిపోయిన క్యాథ్‌కు సొంత జీవితం రాయాలంటే భయం. సైమన్ లోకం ఆమెకు కళే కాదు, చాటు కూడా. రోవెల్ ఈ సంగతిని ఎక్కడా ఉపన్యసించకుండా చూపింది. చివరకు సొంత జీవితంలోంచి తీసిన కథకు క్యాథ్ బహుమతి పొందుతుంది. ఇక్కడే నవల తడబడిందంటాం: పతకం సొంత కథకే ఇచ్చి, అధ్యాపకురాలి తీర్పును సగం ఒప్పుకొంది.

తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగులో కలం పట్టే విద్యార్థులు ఈ నవల చదవాలి. తెలిసిన పాత్రతో మొదలుపెట్టడానికి సిగ్గుపడనక్కరలేదు. ఆ పాత్ర చాటున ఏం దాస్తున్నామో మాత్రం ఎవరికి వారే అడుగుకోవాలి.