చాటలో చిత్తకార్తె

మనవరాలికి ఎనిమిదో నెల. దసరాకి బెంగళూరు నుంచి వచ్చిన మా కోడలు ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎర్రవీ పచ్చవీ ఆకులు కుప్పపోసి, పక్కన గుమ్మడికాయలు పెట్టి, ఎక్కడో చలిదేశంలో పసిపిల్లల్ని ఆడిస్తున్నారు. "అత్తా, ఇట్లాంటి ఆకులు మన ఊర్లో దొరుకుతాయా?" అంది.

ఎక్కడ దొరుకుతాయి? మన చెట్లు ఆకు రాల్చేది శిశిరంలో. అనంతపురంలో శరత్తంటే ఏడాదిలో నేల కాస్త పచ్చగా కనబడే నాలుగు రోజులు. పన్నెండు నెలలకూ కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అందులో సెప్టెంబరుదే పెద్ద వాటా. ఆ తడి మిగిలుండగానే, చిత్తకార్తెలో చెనిక్కాయ చెట్లు పీకుతారు.

ఆ ఆకులు లేకపోతేనేం, చిన్నప్పుడు మా అవ్వ పిల్లల ముందు పెట్టినట్టే నేనూ ఒక చాట దించాను. అందులో ఒక కొబ్బరిచిప్ప, నాలుగు కానుగాకులు, ఒక కొర్రకంకి, అప్పుడే పీకి కాయలు తెంపేసిన చెనిక్కాయ చెట్టు ఒకటి మట్టితో సహా. కూర్చోవడం వచ్చి పాకడం ఇంకా రాని పిల్లల కోసం ఇంగ్లండులో ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే ఆవిడ ఇలాంటి బుట్టే సర్దిపెట్టి, ప్లాస్టిక్ వద్దందట. మా అవ్వ చాటకు అంత సిద్ధాంతమేమీ లేదు. వంటయ్యేదాకా పిల్ల ఏడవకపోతే చాలు.

కొర్రకంకి చేతికివ్వలేదు, నూగు గొంతులోకి పోతుందని. అరికాలికి రాశాను. కాలి వేళ్లన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. చెనిక్కాయ చెట్టు మాత్రం తనే లాక్కుంది. ఊపింది. ఎర్రమట్టి పెళ్ల ఊడి తొడమీద పడింది. బిత్తరపోయి మట్టివైపు చూసింది, చెట్టువైపు చూసింది. మళ్లీ ఊపింది. ఈసారి పడుతుందని తనకు తెలుసు.

ముదిరి ఎండిన కాయను చెవి దగ్గర ఆడిస్తే గలగలమంటుంది. రైతు చూసేదీ అదే. అలాంటివి పది ఒక స్టీలు డబ్బాలో వేసి మూత బిగించి ఇచ్చాను. కాయలు విడిగా చేతికివ్వకూడదు. చెనిక్కాయ గింజ పసిపిల్లల గొంతుకు అడ్డం పడితే ఊపిరాడదు. గట్టున కంటికి ఇంపుగా కనబడే గురివింద గింజ, ఉమ్మెత్తకాయ విషం. వయ్యారిభామ తగిలితే దద్దుర్లు. చాట సర్దడంలో సగం పని ఏం పెట్టకూడదో తెలియడమే.

సాయంత్రం పిల్లనెత్తుకుని చేనుకు పోయాను. ఆడవాళ్లు కాయలు కోస్తున్నారు. వేపకొమ్మకు చీర ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది. అందులో ఉండాల్సినవాడు గోనెసంచి మీద, ఒళ్లంతా ఎర్రగా కూర్చున్నాడు. నా చాట సంగతి విని వాళ్లమ్మ పకపకా నవ్వింది.

"మనవరాలికి మన్ను చూపిస్తాండావా పెద్దమ్మా? మావోన్ని మన్నులోంచి ఎట్ల తీయాల్నో తెలీక నేను సస్తాండా."

కాయలు కోసినంతే కూలి. పిల్లోడి వెనక పడితే బుట్ట నిండదు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, వాణ్ణి కాసేపు నేను చూసుకుంటానన్నాను. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. వాడు గుప్పిట్లోని పచ్చికాయ తీసి మా పిల్లకు చాపాడు. అది లటుక్కున అందుకుని నోటిదాకా తీసుకెళ్లింది. నేను లాక్కున్నాను. ఇద్దరూ ఒకేసారి ఏడుపందుకున్నారు.