సిరా కాపాడిన రాగి

శుభలేఖలు అచ్చువేసే ఫ్రేముతోనే ఇంట్లో సర్క్యూట్ బోర్డు తయారవుతుంది. ఈ పనిలో నాకు అమితంగా నచ్చేది ఆ పొదుపే. ఫ్రేముకు బిగించిన బట్టపై ఎమల్షన్ పూసి, గీతలున్న ఫిల్ము పెట్టి వెలుతురు చూపిస్తారు. వెలుగు తగిలినచోట ఎమల్షన్ గట్టిపడుతుంది. తగలనిచోట నీళ్లకు కొట్టుకుపోయి సిరాకు దారి ఇస్తుంది. ఇక ఫ్రేమును రాగి పొర ఉన్న బోర్డుపై పెట్టి, సిరాను బట్టలోంచి దించేందుకు స్క్వీజీ అనే రబ్బరు పట్టీని లాగే చేతి నేర్పు చూడాలి! ఒత్తిడి పెరిగితే పక్కపక్క గీతలు అలుక్కుపోతాయి, తగ్గితే తెగిపోతాయి. బోర్డుమీది రాగి పొర సాధారణంగా 35 మైక్రాన్ల మందమే. సిరా ఆరాక బోర్డును ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే, సిరా కప్పని రాగి కరిగిపోతుంది. మిగిలిన రాగే కరెంటుకు బాట. ఒక్క బోర్డుకైతే ఇంత శ్రమ ఎందుకనిపించవచ్చు. పాతిక కావాలంటే మాత్రం నా ఓటు దీనికే. రాగి కరిగాక సిరా తుడిచి, 0.8 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రాలు వేసి, టంకం పెట్టడమే.