మీటల మార్పు : గుణదోష విచారణ

'తెలుగు' అనే మాటను ఇన్‌స్క్రిప్టు అమరికలో కంప్యూటరుపై టైపు చేయడానికి ఆరుసార్లు మీటలు నొక్కవలెను: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. వీనిలో తకారం కుడిచేతి వ్రేళ్ళు సహజంగా ఆనియుండే మధ్యవరుసలో ఉన్నది. కొమ్ము ఎడమచేతి చూపుడువ్రేలికి ప్రక్కనే ఉన్నది. ఎత్వం మాత్రం ఎడమచేతి చిటికెనవ్రేలిని క్రిందికి వంచి వెదుక్కోవలసిన మూలలో, ఇంగ్లీషు జడ్-మీటపై ఉన్నది. భాష పేరులోని మొదటి అచ్చుకే మూలస్థానం దక్కినదన్నమాట. ఇటువంటి ఇబ్బందులను చూచి, మీటల పనిని తమకు నచ్చినట్లు మార్చుకొనేవారు కొందరున్నారు. ఆ మార్పు ఎంతవరకు సమంజసమో తేల్చడానికి ముందు, మీట నొక్కినప్పుడు జరిగేదేమిటో తెలియవలెను.

పాత టైపుమిషనులో మీటకు, అక్షరపు అచ్చుకు మధ్య ఇనుపకడ్డీ సంబంధం ఉండేది. మీటను మార్చాలంటే అచ్చును ఊడదీయవలసిందే. కంప్యూటరులో అట్టి బంధం లేదు. మీట నొక్కితే అక్షరం కాక ఒక సంఖ్య మాత్రమే పుడుతుంది. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. నాటి పట్టికలో ఎస్-మీట సంఖ్య 31. దానిని వదలినప్పుడు 128 కలిపి 159 వెలువడుతుంది. ఈ సంఖ్యను కంప్యూటరు మరొక పట్టికలో చూచి, ఇంగ్లీషు అమరికయైతే 'ఎస్' అక్షరాన్ని, తెలుగు ఇన్‌స్క్రిప్టు అయితే ఏత్వాన్ని తెరపై నిలుపుతుంది. మీటపై అచ్చువేసిన బొమ్మ మనిషి కంటికే గాని యంత్రానికి పట్టదు.

కాబట్టి మార్పు రెండు మెట్లలో సాధ్యం. మొదటి మెట్టులో సంఖ్యనే మార్చవచ్చును. పి.సి. మొదటి కీబోర్డులో కంట్రోల్ మీట ఇంగ్లీషు ఏ-మీటకు ఎడమప్రక్కనే ఉండేది. 1980ల మధ్యలో వచ్చిన 101 మీటల కీబోర్డులో ఆ చోటును క్యాప్స్‌లాక్ ఆక్రమించినది. పాత చోటే సుఖమని తోచినవారు 58 అనే క్యాప్స్‌లాక్ సంఖ్యను 29గా, అనగా కంట్రోల్‌గా, చదువుమని కంప్యూటరుకు చెప్పుకుంటారు. విండోసులో 'స్కాన్‌కోడ్ మ్యాప్' అనే నమోదు ఈ పని చేస్తుంది. అయితే అది ఆ కంప్యూటరును వాడే వారందరికీ, అన్ని భాషలకూ వర్తిస్తుంది. రెండవ మెట్టులో సంఖ్య అట్లే ఉంటుంది. ఒక భాషకు చెందిన అక్షరాల పట్టిక మాత్రమే మారుతుంది. తెలుగు కోసం మొదటి మెట్టులో ఎస్, జడ్ మీటలను తారుమారు చేసినవారికి ఇంగ్లీషు కూడా తారుమారవుతుంది. తెలుగు దోషానికి తెలుగు పట్టికలోనే చికిత్స జరగవలెను.

ఇక ఇన్‌స్క్రిప్టు గుణాలను ముందు ఒప్పుకోవడం న్యాయం. 1986లో భారత ప్రభుత్వ ఎలెక్ట్రానిక్సు శాఖ పూనికతో రూపొంది, 1991లో ఐ.ఎస్. 13194 అనే భారతీయ ప్రమాణంలో చేరిన ఈ అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి ఇవ్వబడినవి. ఒక హల్లు, ఒక అచ్చు వచ్చినప్పుడు చేతులు వంతులవారీగా పనిచేస్తాయి. క ఒక మీటపై ఉంటే, షిఫ్టుతో అదే మీటపై ఖ ఉంటుంది. అన్నిటికంటె మిన్న, ఒక ధ్వనికి అన్ని భారతీయ లిపులలోను ఒకే మీట. తెలుగు నేర్చిన వ్రేళ్ళు హిందీని దాదాపు వెంటనే టైపు చేయగలవు. బహుభాషాదేశానికి ఇది చిన్న లాభం కాదు.

అచ్చుల ఏర్పాటులో ఒక అందమైన క్రమం కూడా ఉన్నది. గుడి మధ్యవరుసలో ఉంటే, గుడిదీర్ఘం సరిగ్గా దాని పైవరుసలో. కొమ్ము మధ్యవరుసలో ఉంటే కొమ్ముదీర్ఘం దానిపైన. హ్రస్వం క్రింద, దీర్ఘం పైన అన్నదే సూత్రం. కాని ఎ, ఏ, ఒ, ఓల దగ్గర ఈ సూత్రం తెగిపోయినది. హిందీ నిత్యవ్యవహారంలో హ్రస్వమైన ఎ, ఒలకు ప్రత్యేకాక్షరాలు లేవు. కనుక మధ్యవరుసలో ఏ, ఓ; వాటిపైన ఐ, ఔ నిలిచాయి. తెలుగు, కన్నడ, తమిళ, మలయాళ భాషలకు అవసరమైన ఎత్వం జడ్-మీటకు, ఒత్వం అంకెల వరుసలో 1కి ఎడమన ఉన్న చివరి మీటకు పోయినవి. దీని ఫలితంగా 'ఒక' అనే అతిసాధారణమైన మాటకు షిఫ్టును పట్టుకొని చిటికెనవ్రేలిని పలక చివరిదాకా చాచవలెను. 'చెప్పెను' అంటే అదే వ్రేలు రెండుసార్లు క్రింది మూలకు పోవలెను. తెలుగులో అరుదుగా వచ్చే ఔత్వం మాత్రం క్యూ-మీటపై హాయిగా ఉన్నది.

దీనికి చికిత్స ఆ సూత్రంలోనే ఉన్నది. ఎస్-మీటపై ఎత్వం, దానిపైన డబ్ల్యు-మీటపై ఏత్వం. ఇంగ్లీషు ఏ-మీటపై ఒత్వం, దానిపైన క్యూ-మీటపై ఓత్వం ఉంచి, ఐత్వాన్ని జడ్‌కు, ఔత్వాన్ని ఆ చివరి మీటకు పంపితే, హ్రస్వాలన్నీ మధ్యవరుసలో, దీర్ఘాలన్నీ వాటిపై కుదురుతాయి. మారేవి 6 మీటలు మాత్రమే. విండోసులో మైక్రోసాఫ్టు వారి కీబోర్డు లేఅవుట్ క్రియేటర్ ద్వారా, లినక్సులో ఎక్స్‌కెబి పట్టిక ద్వారా ఈ అమరికను తయారు చేయవచ్చును.

ఈ మార్పుపై ఆక్షేపణలు లేకపోలేదు. 'లో', 'తో' వంటి ప్రత్యయాల వలన ఓత్వం, 'లేదు', 'చేసి' వంటి మాటల వలన ఏత్వం కూడా తరచుగా వస్తాయి. అవి ఒక వరుస పైకి జరుగుతాయి. 'పైన' వంటి మాటలకు కొంత నష్టం. లాభనష్టాలను ఊహతో గాక లెక్కతో తేల్చవలెను. ఉపాధ్యాయులు తరగతికి పాఠ్యపుస్తకంలోని ఒక్కొక్క పుట పంచి, ఎ, ఏ, ఐ, ఒ, ఓ, ఔలు, వాటి గుణింతపు గుర్తులు ఎన్నిసార్లు వచ్చాయో విద్యార్థులచేత లెక్కపెట్టించవచ్చును. పుటలు ఎన్ని ఎక్కువైతే నిర్ణయం అంత గట్టిది.

అంతకంటె గట్టి ఆక్షేపణ మరొకటి ఉన్నది. వ్రేళ్ళకు అలవాటైన అమరిక ఇంటి కంప్యూటరులో ఉంటుంది. పరీక్షగదిలోను, కార్యాలయంలోను ఉండదు. అక్కడ పాత అమరిక ముందు కూర్చున్న విద్యార్థి 'తెలుగు' టైపు చేయబోయి 'తేలుగు' అని చూచుకుంటాడు. హిందీతో ఉన్న ఏకత్వం కూడా 4 మీటల దగ్గర తెగుతుంది. చరిత్ర కూడా ఇదే హెచ్చరిక చేస్తున్నది. షోల్స్ రూపొందించిన టైపుమిషను 1874లో రెమింగ్టన్ సంస్థ నుండి వెలువడినది. వ్రేళ్ళ శ్రమ తగ్గించాలని డ్వొరాక్ తన అమరికకు 1936లో పేటెంటు పొందాడు. కాని అప్పటికే లక్షల వ్రేళ్ళు పాత దారికి అలవాటుపడ్డాయి. కంప్యూటర్లలో సైతం షోల్స్ సంతతియే రాజ్యం చేస్తున్నది. అమరిక మంచిదైనంత మాత్రాన చాలదు. అది అందరి పలకపైనా ఉండవలెను.

కనుక సొంత మార్పు ప్రయోగంగా మెచ్చదగినదే గాని, దోషానికి పూర్తి పరిష్కారం కాదు. ప్రయోగం చేసేవారు ప్రమాణాన్ని చెరపకుండా, కొత్త పట్టికను వేరొక పేరుతో దాని ప్రక్కనే ఉంచవలెను. పాఠశాలలోని ఉమ్మడి కంప్యూటరు జోలికి పోరాదు. నాలుగు దక్షిణభాషలకూ ఈ ఇబ్బంది సమానమే గనుక, సవరణ కూడా నాలుగింటికీ ఉమ్మడిగా ప్రమాణంలోనే జరగడం న్యాయం. తెలుగు టైపు చేయడం కష్టమని విద్యార్థి ఇంగ్లీషు లిపిలోనే తెలుగు వ్రాయడానికి అలవాటుపడితే, నష్టపడేది వాని చిటికెనవ్రేలు కాదు, తెలుగు లిపి. ఏ మీట ఎక్కడ ఉండవలెనో అడిగే హక్కు విద్యార్థికి ఉన్నది. ఆ అడగడం పుటలు లెక్కపెట్టిన తరువాత అయితే, కాదనడం ఎవరికైనా కష్టం.